సూర్యుడికి పగ్గం వేసిన ఏడో తరగతి బి సెక్షన్

ఎనభైల మొదట్లో నేను ఉదయగిరి హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. మాది ఆత్మకూరు. సోమవారం పొద్దున మొదటి బస్సుకు వచ్చి, శనివారం బడి వదలగానే ఇంటికి పోయేదాన్ని. వారం మధ్యలో అక్కడే కొండ కింది వీధిలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. ఆ ఏడు మా డ్రాయింగు మాస్టారు కావలికి బదిలీ చేయించుకుని వెళ్లిపోయారు. ఆయన స్థానంలోకి ఎవరూ రాలేదు. ఆయన పీరియడ్లు ఎవరికి అంటగట్టాలా అని హెడ్మాస్టరుగారు స్టాఫ్‌రూములో అందరి మొహాలూ చూసి, చివరికి నా దగ్గర ఆగారు.

"మీ చేతిరాత ముత్యాల మాదిరి ఉండాదమ్మా. ఏడో తరగతి బి సెక్షన్ డ్రాయింగు మీరు చూసుకోండి."

చేతిరాతకూ బొమ్మకూ సంబంధం ఏమిటని అడిగాను.

"రెండూ చేత్తోనే కదమ్మా గీసేది" అన్నారు.

అక్కడితో ఆ విషయం అయిపోయింది. నాకు ఆవును గీయడం కూడా రాదు. మొదటి పీరియడ్లో బోర్డు మీద గీస్తే, అది మేకా కుక్కా అని వెనక బెంచీవాళ్లు పందెం వేసుకున్నారు. ఏదో ఒకటి గీసుకోండని వాళ్లకు చెప్పి, నేను కాంపోజిషన్ పుస్తకాలు దిద్దుకుంటూ కూర్చుంటే సంవత్సరం గడిచిపోతుందనుకున్నాను. దసరా సెలవుల తరువాత హెడ్మాస్టరుగారికి న్యూజిలాండు నుంచి ఒక కవరు వచ్చింది. ఆ తరువాత నాకు నిమ్మళం లేదు.

ఆ కవరు పంపింది ఒక నర్సమ్మ. మా జిల్లాలోనే ఏళ్ల తరబడి పనిచేసి, రిటైరై తన దేశం వెళ్లిపోయింది. హెడ్మాస్టరుగారి పిల్లలిద్దరూ ఆవిడ చేతుల మీదుగానే పుట్టారట. ఇప్పుడు వాళ్ల ఊళ్లో ఒక చిన్న బడికి సాయంగా వెళుతోందట. ఆ బడి పిల్లలు మావోరీల కథలకు బొమ్మలు వేస్తున్నారని, అవే కథలకు మీ పిల్లలు కూడా వేస్తే ఒకరివి ఒకరం మార్చుకుందామని రాసింది. మావోరీలంటే ఆ దేశపు మొదటి మనుషులు. వాళ్ల పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన కథలు మూడింటిని ఇంగ్లీషులో టైపు చేయించి జతపెట్టింది.

విదేశీ స్టాంపున్న ఆ కవరును హెడ్మాస్టరుగారు రెండు రోజులపాటు జేబులో పెట్టుకుని తిరిగి అందరికీ చూపించారు. మూడో రోజు నన్ను పిలిచి, బొమ్మలను ముందు ఆత్మకూరులో జరిగే బడిపిల్లల ప్రదర్శనలో పెడదామని, తరువాత న్యూజిలాండుకు పంపుదామని చెప్పారు. పన్నెండు డ్రాయింగు షీట్లూ, వెంట్రుకలు రాలిన ఒక కుంచే నా చేతిలో పెట్టారు.

"నలభైమంది పిల్లలండీ" అన్నాను.

"మీరు చూసుకోండమ్మా" అన్నారు. ఆయన నోట నాకు అత్యంత భయం కలిగించే మాట అది.

రెండు సాయంత్రాలు కూర్చుని ఆ కథలను తెలుగులోకి దించాను. పేర్లు మాత్రం నా నోరు తిరగలేదు. మూడింటిలో రెండు కథలకు నాయకుడు అన్నదమ్ములందరిలోకీ చిన్నవాడు. నేను అతని పేరు బోర్డు మీద రాసి మూడుసార్లు పలికించాను. నాలుగోసారికి పిల్లలు దాన్ని పక్కకు నెట్టేసి అతనికి 'కడగొట్టోడు' అని పేరు పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి నేనూ అలాగే పిలవాల్సి వచ్చింది.

మొదటి కథతోనే చిక్కు వచ్చింది. లోకం మొదట్లో ఆకాశం తండ్రి, భూమి తల్లి. ఇద్దరూ ఒకరినొకరు గట్టిగా కౌగిలించుకుని ఉన్నారు. మధ్యలో చీకట్లో ఇరుక్కుని నలిగిపోతున్న పిల్లలు చివరికి వాళ్లిద్దరినీ విడదీస్తారు. మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి కూర్చునే తరగతిలో ఆ కౌగిలి మాట చెప్పే ధైర్యం లేక, "చాలా దగ్గరగా ఉన్నారు" అన్నాను.

"ఎంత దగ్గరగా టీచర్?" అని వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు.

తరగతంతా కిసుక్కుమంది. సరిగ్గా అప్పుడే హెడ్మాస్టరుగారు వరండాలో పోతూ ఆగారు. గంట కొట్టాక నన్ను గదికి పిలిచి, ఆ కథ వద్దన్నారు. పంపిన మూడింటిలో మొదటిదాన్నే వద్దంటే ఆవిడ ఏమనుకుంటుందని నేను గట్టిగా అడిగాను. ఆయన కాసేపు గడ్డం గోక్కున్నారు.

"అయితే ఇద్దరికీ మధ్యలో ఒక పెద్ద చెట్టు పెట్టించండమ్మా. చూసేదానికి పద్ధతిగా ఉంటాది."

అసలు కథలోనూ వాళ్లను కాళ్లతో తన్ని విడదీసింది చెట్లకు అధిపతి అయిన కొడుకే. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే ఆ కథ తానే రాసినంత సంబరపడిపోతారని భయం.

రంగులు కొనే మార్గం లేక, ఇళ్లనుంచి దొరికింది తెమ్మన్నాను. గోడలకు పూసే ఎర్ర జాజు తెచ్చారు. బొగ్గు, పసుపు, ముగ్గుపిండి, బట్టలకు పెట్టే నీలిమందు తెచ్చారు. రంగు కాగితానికి పట్టుకోవాలంటే తుమ్మబంక కలపాలని ఎవరో చెబితే అదీ తెమ్మన్నాను. బంక దొరకలేదని ఒకడు బెల్లంపాకం కలిపాడు. మర్నాడు పొద్దున బీరువా తెరిస్తే వాడు గీసిన సముద్రం నిండా చీమలే.

సముద్రంతో పడిన పాట్లు వేరే. రెండో కథలో కడగొట్టోడు సముద్రం లోతులనుంచి ఒక పెద్ద చేపను గాలం వేసి లాగుతాడు. ఆ చేపే వాళ్ల దేశమైంది. మా తరగతిలో సముద్రాన్ని చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఒడ్డు కనపడదని, అవతల ఏమీ ఉండదని, నీళ్లే నీళ్లని నేను చేతులు చాపి చెప్పాను. అందరూ తలలూపారు. తీరా గీసిన బొమ్మల్లో ప్రతి సముద్రానికీ చుట్టూ కట్ట ఉంది. ఒకడైతే తూము కూడా పెట్టాడు.

"సముద్రానికి తూము ఉండదురా!"

"తూము లేకపోతే మడికి నీళ్లెట్ట పోతాయి టీచర్?"

"ఆ నీళ్లు ఉప్పగా ఉంటాయి. మడికి పారవు."

వాడు నన్ను జాలిగా చూశాడు. "అన్ని నీళ్లు పెట్టుకుని మడికి పారకపోతే ఇంకెందుకు టీచర్ అది?"

రబ్బరు ఇచ్చి కట్ట చెరిపేయమన్నాను. చెరిపితే కాగితం చిరిగింది. ఉన్న పన్నెండు షీట్లలో ఒకటి అలా పోయింది. మిగతా కట్టల జోలికి ఇక పోలేదు.

ఆ కథలో ఇంకో ఇబ్బంది ఉంది. కడగొట్టోడి గాలం మామూలు గాలం కాదు. వాళ్ల అవ్వ దవడ ఎముక. నేను ఆ వాక్యాన్ని ఎంత మెల్లగా దాటవేయాలని చూసినా పిల్లలు దాన్నే పట్టుకున్నారు. మూడు రోజుల తరువాత, తరగతి మధ్యలో ఒక ముసలావిడ చేతికర్ర తాటించుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఎవురమ్మా ఈడ బొమ్మల టీచరు?"

"నేనే అవ్వా. ఏమైంది?"

"మా మనవడు మూడు దినాలుగా నా మొగం పట్టుకుని దవడ తడిమి చూస్తా ఉండాడు. ఏందిరా అంటే, నువ్వు చచ్చిపోయినాక ఇది నాకిస్తావా అవ్వా, చేపలు పట్టుకోవాల అంటాడు. ఇదేనా మీరు బడిలో నేర్పిస్తా ఉండేది?"

ఆ మనవడు బెంచీ కింద దూరాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అది వేరే దేశం కథ అవ్వా, ఆ ఎముకలో మహిమ ఉంది, ఆ అవ్వ తానే మనవడికి ఇచ్చింది అని చెప్పుకుంటూ వచ్చాను. ఆవిడ కర్ర గోడకు ఆనించి, గడప మీద కూర్చుంది.

"మొదట్నుంచీ చెప్పు."

చెప్పాను. ఎర ఇవ్వడానికి అన్నలు ఒప్పుకోకపోతే, కడగొట్టోడు తన ముక్కు తానే గుద్దుకుని ఆ నెత్తురు గాలానికి పూశాడని చెప్పినప్పుడు ఆవిడ మెచ్చుకోలుగా తలూపింది.

"వాడు పనోడే. ఆ అవ్వ ఊరికే ఇచ్చిందా ఎముక!" అని, ఇక తన పెనిమిటి వింజమూరు వైపు చెరువుల్లో చేపలు ఎలా పట్టేవాడో మొదలుపెట్టింది. ఏ చేపకు ఏ ఎర కట్టాలో, వాన పడ్డ రోజున ఎక్కడ కూర్చోవాలో చెబుతుంటే, నేను చెబుతున్నప్పుడు ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా పిల్లలు విన్నారు. ఆ పీరియడే కాకుండా తరువాతి లెక్కల పీరియడు కూడా పోయింది. లెక్కల మాస్టారు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో కథ సూర్యుడిది. ఆ కాలంలో సూర్యుడు ఆకాశంలో పరుగెత్తి పోతుండేవాడు. పగలు చాలక మనుషుల పనులు పూర్తయ్యేవి కావు. కడగొట్టోడూ అన్నదమ్ములూ తాళ్లు పేనుకుని వెళ్లి, సూర్యుడు లేచే గుంట దగ్గర ఉచ్చు పన్ని, పట్టుకుని బాగా బాది, ఇక మెల్లగా నడుస్తానని ఒప్పించారు. ఇది మంచి కథ, ఇబ్బందుల్లేని కథ అనుకున్నాను. చెప్పడం ముగించేసరికి తరగతంతా గోల.

"వాళ్లకేమన్నా తిక్కనా టీచర్?"

"మనూళ్లో అయితే తొందరగా పోరా అని కొట్టాల."

"కొండెక్కినాడంటే దిగనే దిగడు టీచర్ మనకి. వాణ్ణి కట్టేసినారంటే బావుల్లో నీళ్లు కూడా మిగలవు."

ఇరవైమంది రఫ్ పుస్తకాల్లో గీసిన బొమ్మల్లో మనుషులు సూర్యుణ్ణి కర్రలతో కొండ అవతలికి తోలేస్తున్నారు. ఒక బొమ్మలో బిందెతో నీళ్లు కూడా పోస్తున్నారు. కథలో ఉన్నదేమిటి, మీరు గీసిందేమిటి అని అరిచాను. మళ్లీ గీయమన్నాను. "కథ తప్పు టీచర్" అన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

గోల కొంచెం తగ్గాక, మూడో బెంచీలో గోడవైపు కూర్చునే పిల్ల లేచి నిలబడింది. సంవత్సరమంతా హాజరు పలకడం తప్ప ఇంకో మాట ఆ పిల్ల నోట నేను విన్నది లేదు. వాళ్ల నాన్న కొండ కట్టెతో చెంచాలూ గంటెలూ చెక్కే పనివాడు. ఉదయగిరిలో ఆ పనిచేసే సాయిబుల ఇళ్లు చాలా ఉన్నాయి.

"మా అబ్బాకి పగలు చాలదు టీచర్" అంది. "పొద్దు వాలితే గీత కనపడదంట. దీపం ముందర పెట్టుకుంటే ఉలి వేలి మీదకి పోతాది. ఆయన రోజూ అంటాడు, ఇంకొక్క గంట ఉంటే బాగుండునని."

మిగిలినవాటిలో మంచి షీటు ఒకటి తీసి ఆ పిల్లకిచ్చాను.

వారం తరువాత తెచ్చింది. జాజుతో పెద్ద సూర్యుడు. చుట్టూ బొగ్గుగీతలతో తాళ్లు. ఒక్కో తాడు పురి కూడా కనపడుతోంది. ఆ తాళ్లను బిగించి లాగుతున్న చేతులు పది పన్నెండు. నరాలు తేలిన చేతులు, వేళ్ల మీద కోతలున్న చేతులు. అంతే. మనుషుల్లేరు. తలలు లేవు.

"మనుషులేరి?"

"అంతే టీచర్."

"ఇలా సగం బొమ్మ పెడితే ఆత్మకూరులో నన్నేమంటారు? తలలు గియ్యి."

తల అడ్డంగా ఊపింది. ఆ సాయంత్రం బడి వదిలాక విసుగ్గా వాళ్ల ఇంటికి పోయాను. వాళ్ల నాన్న వసారాలో కట్టెపొట్టు మధ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, పీట తుడిచి వేశాడు.

"నేనే వద్దన్నాను టీచరమ్మా" అన్నాడు. "మేం పూలు చెక్కతాం, తీగెలు చెక్కతాం. మొగాలు చెక్కం. మా పెద్దోళ్లు పెట్టిన పద్ధతి. బొమ్మ మానుకోమని చెప్పలేదు. చేతులు గియ్యమన్నాను. పని చేసేది చేతులే గదా."

"మార్కులు తగ్గిస్తారు" అన్నాను.

"తగ్గిస్తే తగ్గించనీండి."

ఆయన మాట్లాడుతూనే గంటె పిడి మీద తీగె తిప్పుతున్నాడు. కొండ నీడ వసారాలోకి వచ్చింది. ఆకు ఒకటి సగం చెక్కి ఉంది. దాన్ని రెండుసార్లు కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూసి, ఉలి కింద పెట్టేశాడు. నేను ఇంక తలల మాట ఎత్తలేదు.

జనవరిలో బొమ్మలు చుట్టచుట్టి, ఆ పిల్లతో కలిపి నలుగురిని వెంటేసుకుని ఆత్మకూరు బస్సెక్కాను. సీటు లేదు. చుట్టను బానెట్ మీద పెడితే, ఒకాయన దాని మీద నిమ్మకాయల బుట్ట పెట్టాడు. తియ్యమంటే, "కాగితాలే గదమ్మా, నొప్పి పుడతాదా?" అన్నాడు. దిగేసరికి ఆకాశం తండ్రి నడుం విరిగింది.

తీరా పోయి చూస్తే, అక్కడ జరుగుతున్నది సైన్సు ప్రదర్శన. బొమ్మలకని వేరే చోటు లేదు. మమ్మల్ని గోబర్ గ్యాస్ నమూనాకూ, థర్మాకోల్ కంటికీ మధ్యన ఒక బల్ల దగ్గర నిలబెట్టారు. చీటీలు రాసే ఆయన వచ్చి ఏ పాఠమని అడిగాడు. పాఠం కాదండీ, కథ అన్నాను. కథ అనే గడి ఆయన కాగితంలో లేదు. చేతుల బొమ్మను కాసేపు చూసి, 'సూర్యగ్రహణం' అని రాసి అంటించేశాడు.

"ఇది గ్రహణం కాదండీ. తాళ్లు చూడండి."

"అవి కిరణాలమ్మా."

"చేతులండీ?"

"సూర్యుణ్ణి నేరుగా చూడకూడదని అడ్డం పెట్టుకున్నారు. బాగుంది ఐడియా" అని పోయాడు.

సాయంత్రం ఆ బొమ్మకు ఖగోళ విభాగంలో ప్రోత్సాహక బహుమతి వచ్చింది. స్టీలు గ్లాసూ, సర్టిఫికెటూ ఇచ్చారు. పిల్ల గ్లాసును తిప్పి చూసుకుని నన్నడిగింది.

"నా బొమ్మలో గ్రహణం ఏడ ఉండాది టీచర్?"

"నాకూ తెలీదమ్మా."

"గ్లాసు మంచిదే" అంది.

హెడ్మాస్టరుగారి సంతోషానికి హద్దు లేదు. తెలుగు టీచరు సైన్సులో బహుమతి తెచ్చిందని ప్రార్థనలో చెప్పారు. సైన్సు మాస్టారు కూడా నాతో మాట్లాడడం మానేశారు. బొమ్మలను న్యూజిలాండుకు పంపేటప్పుడు హెడ్మాస్టరుగారు ఆ సర్టిఫికెటు నకలు కూడా పెట్టించారు. నేను కట్ట కట్టేముందు, నాకు వచ్చిన ఇంగ్లీషులో ఒక చీటీ రాసి లోపల దూర్చాను. ఇది గ్రహణం కాదు, మీరు పంపిన కథే, ఈ పిల్ల తండ్రికి పగటి వెలుగు చాలదు, అని.

పరీక్షలయ్యాయి, ఎండాకాలం సెలవులు అయ్యాయి. జవాబు లేదు. పార్సెలు సముద్రంలో పడిపోయి ఉంటుందని తీర్మానించుకున్నాను. పిల్లలు ఎనిమిదిలోకి వచ్చి, వానలు మొదలయ్యాక వచ్చింది. పదిహేను బొమ్మలు, ఒక ఉత్తరం. హెడ్మాస్టరుగారు ఉత్తరం నాకు చదవనిచ్చి, బొమ్మలను స్టాకు రిజిస్టరులో ఎక్కించి బీరువాలో పెట్టి తాళం వేశారు. విదేశాలనుంచి వచ్చినవి పాడైతే ఎవరు జవాబుదారీ అన్నారు. పిల్లల కోసం వచ్చినవి పిల్లలు చూడకపోతే ఎవరు జవాబుదారీ అని నేనడిగాను. మూడు వారాలపాటు రోజూ అడిగాను. నన్ను చూడగానే ఆయన పక్క గదిలోకి పోవడం మొదలుపెట్టారు. చివరికి నా బాధ పడలేక ఒక్క పీరియడుకు తాళం చెవి ఇచ్చారు.

పిల్లలు బొమ్మల మీద పడ్డారు. ఆ పిల్లల సూర్యుడికి ముక్కు, మీసాలు ఉన్నాయని నవ్వారు. వాళ్ల తాళ్లలో పురి లేదని, అవి దూడను కూడా ఆపవని తేల్చేశారు. అక్కడి పిల్లలు మా సముద్రపు కట్టల గురించి ఏమన్నారో నర్సమ్మ రాసింది. వాళ్లకు కట్ట చాలా నచ్చిందట. దానిమీద నడవవచ్చు కదా అన్నారట. తూము గీసినవాడు ఆ మాట విని నా వైపు చూసిన చూపు నేనింకా మరచిపోలేదు. చేతుల బొమ్మను వాళ్ల బడి గుమ్మం పక్కన తగిలించారని కూడా ఉంది.

ఆ పిల్ల మాత్రం ఒక్క బొమ్మ దగ్గరే నిలబడిపోయింది. అందులో అంచు చుట్టూ, అప్పుడే విచ్చుకోబోతున్న చిగురులా చుట్టలు తిరిగిన గీతలున్నాయి. అవి మావోరీలు కొయ్య మీద చెక్కే గీతలని నర్సమ్మ వెనక రాసింది.

"ఇది మా అబ్బా తిప్పే తీగె మాదిరే ఉండాది టీచర్. ఒక్క దినం ఇంటికి తీసకపోతా."

తాళం, రిజిస్టరు, హెడ్మాస్టరుగారి మొహం, అన్నీ గుర్తొచ్చాయి. అయినా చుట్టచుట్టి ఆ పిల్ల సంచిలో పెట్టాను.

ఒక్క దినం అన్నది పదిహేను రోజులైంది. అడిగినప్పుడల్లా, "అబ్బా ఇంకా చూస్తా ఉండాడు టీచర్" అనేది. ఈలోగా హెడ్మాస్టరుగారు లెక్క చూసుకుని, ఒకటి తగ్గిందని నాకు మెమో ఇచ్చారు. సంజాయిషీ రాసిస్తే, పైన రెఫరెన్సు నెంబరు వేయలేదని గుమాస్తా తిప్పి పంపాడు. మళ్లీ రాశాను. ఆ మర్నాడు బొమ్మ తిరిగి వచ్చింది. ఒక మూల నూనె మరక.

"ఇంత బిగువైన మెలిక మా కట్టెకి నిలవదంట టీచర్, చీలిపోతాదంట" అని ఆ పిల్ల పూసగుచ్చినట్టు చెప్పింది. "మూడు గంటెలు చీలినాయి. నాలుగోదానికి చుట్ట వదులు చేసినాడు. అది నిలబడింది. వాళ్ల కట్టె ఏందో కనుక్కోమన్నాడు అబ్బా, అంత మెలిక ఎట్ట ఓర్చుకుంటా ఉండాదో."

అంత పొడుగు మాట ఆ పిల్ల నోట అదే మొదటిసారి వినడం. నర్సమ్మకు ఆ ప్రశ్న రాసి పంపాను.

మరక ఎలా పడిందో వివరించమని మధ్యాహ్నానికి రెండో మెమో వచ్చింది. ఈసారి నెంబరు ముందే వేసుకున్నాను. 'బొమ్మను చూడవలసిన మనిషి చూశాడు. చూసేటప్పుడు మరక పడింది' అని రెండు వాక్యాలు రాసి, సంతకం పెట్టి పంపాను. గుమాస్తా దాన్ని ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ఫైల్లో పెట్టుకున్నాడు.